రాహుకాలం తప్పించిన ఇంటర్వ్యూ

ఆర్వీ అంటే చక్రాలున్న ఇల్లేనని అద్దెకిచ్చినవాడు చెప్పాడు. రెండు రోజులు అందులో ఉన్నాక నాకు అర్థమైందేమిటంటే, ఇంట్లో ఉండే కష్టాలన్నీ అందులోనూ ఉంటాయి. కాకపోతే మలుపు తిరిగినప్పుడల్లా మన మీదికి దొర్లుకుంటూ వస్తాయి.

మేముండే ప్లెయిన్స్‌బరో నుంచి, కెనడా సరిహద్దును ఆనుకుని ఉండే మెయిన్ రాష్ట్రపు ఉత్తరపు అడవుల దాకా ఐదుగురం వెళ్ళాం. ఆఫీసులో నాకు సీనియర్ అయిన అన్న, వదిన, కూతురి దగ్గర ఆర్నెల్లు ఉందామని వచ్చిన వదిన వాళ్ళ నాన్నగారు, నా రూమ్మేట్, నేను. రూమ్మేట్‌కి అప్పటికి నెల క్రితం ఉద్యోగం పోయింది. గడువులోగా ఇంకోటి దొరక్కపోతే వీసా పోతుంది, దాని వెనకాలే వాడూ పోతాడు. అడవి చూస్తే మనసు తేలికపడుతుందని అన్న వాణ్ణి లాక్కొచ్చాడు. వాడు అడవిలో చూసింది మాత్రం ఫోన్ మీద సిగ్నల్ గీతలే.

గురువారం సాయంత్రం, మేం బండి నిలుపుకున్న క్యాంప్‌గ్రౌండ్ ఆఫీసు వైఫైలో వాడికి మెయిల్ వచ్చింది. మర్నాడే ఇంటర్వ్యూ ఆఖరి రౌండ్, ఫోన్‌లో. పదకొండుకా, రెండింటికా, ఎప్పుడు వీలో చెప్పమన్నారు.

"శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం నాయనా. రెండింటికి పెట్టించుకో," అన్నారు వదిన వాళ్ళ నాన్నగారు. మాకు ఆయన అంకుల్.

రూమ్మేట్‌కి అలాంటి నమ్మకాలు లేవు. కానీ ఉద్యోగం కూడా లేదు కాబట్టి రెండింటికని రాసేశాడు.

క్యాంప్‌గ్రౌండ్‌వాళ్ళ నియమం ప్రకారం పదకొండుకు ఖాళీ చేయాలి. అంకుల్ నియమం ప్రకారం పన్నెండు దాకా ప్రయాణం పెట్టుకోకూడదు. అంచేత గేటు బయట, వైఫై అందనంత దూరంలో బండి ఆపుకుని గంటసేపు ఊరికే కూర్చున్నాం. ఈ గంటలో ఇంటర్వ్యూ అయిపోయేదని నేను గుర్తు చేశాను. ఎవరూ నవ్వలేదు.

పన్నెండు దాటాక సిగ్నల్ ఉండే ఊరికని బయల్దేరాం. ముందు దుంగల లారీ, వెనక మేము. ఆ లారీని దాటే ధైర్యం అన్నకీ లేదు, బండికీ లేదు. బండి గంటన్నర పైగా నడిచాక సిగ్నల్ అంది, అందరి ఫోన్లూ ఒక్కసారిగా మోగాయి. రూమ్మేట్ తన ఫోన్‌లో టైమ్ చూసుకుని బండిలోనే నేల మీద కూలబడ్డాడు.

"పావు తక్కువ మూడు. అయిపోయిందిరా."

అన్న బండి పక్కకు తీశాడు.

"ఫోన్ చేసి చెప్పు, సిగ్నల్ లేదని," అంది వదిన.

"ఏమని చెప్పాలె వదినా? ఉద్యోగం అడిగి అడవిల తిరుగుతున్న అనా?"

ఈలోగా నా ఫోన్‌లో కెనడాకు స్వాగతమంటూ మెసేజ్ వచ్చింది. అన్నకి చూపించాను. చూపించకుండా ఉండాల్సింది.

"ఒరేయ్, బోర్డర్ దాటేశామా?"

"పాస్‌పోర్టులు ఇంట్లోనే ఉన్నాయండీ," అంది వదిన. ఐదుగురమూ వీసాల మీద బతికేవాళ్ళం.

"వదినా, దేశం మారితే మధ్యలో ఒక్క ఆఫీసరన్నా ఆపుతాడు. పొద్దుట్నుంచి మనల్ని ఆపింది ఆ లారీ ఒక్కటే," అన్నాను.

అప్పుడు అంకుల్ చేతి గడియారం చూసుకున్నారు. అది ఇండియా టైమే చూపిస్తుంది. ఆర్నెల్ల భాగ్యానికి ముళ్ళు తిప్పడం దండగని ఆయన ఉద్దేశం.

"మన దగ్గర రాత్రి పదకొండుంబావు. తొమ్మిదిన్నర గంటలు తీసేయండి."

అన్నా నేనూ వేళ్ళు మడుస్తూ ఉండగానే వదిన చెప్పేసింది. "పావు తక్కువ రెండు."

సరిహద్దు అవతలి టవర్ మా ఫోన్లను పట్టుకుంది. అక్కడ టైమ్ గంట ముందుంటుంది. మేం మాత్రం అమెరికాలోనే, దుంగల లారీ వెనకాలే ఉన్నాం.

రెండింటికి ఫోన్ మోగింది. వాణ్ణి లోపల వదిలి తలుపు వేసి మేం నలుగురం రోడ్డు పక్కన నిలబడ్డాం. అక్కడి నల్ల ఈగలు కుట్టవు, కొరుకుతాయి. అంకుల్ తువ్వాలు చెవుల మీదుగా చుట్టుకున్నారు.

"పొద్దున్నే పెట్టించి ఉంటే ఈపాటికి అయిపోయేది కదూ," అన్నారు మెల్లగా.

నా దగ్గర మంచి జవాబే ఉంది. ఆయన మొహం చూశాక అనబుద్ధి కాలేదు. "పొద్దున కూడా ఈగలు ఉండేవిలెండి అంకుల్," అన్నాను.

చాలాసేపటికి వాడు తలుపు తీశాడు. చొక్కా తడిసిపోయింది.

"హెచ్‌ఆర్ వాళ్ళు ఫోన్ చేస్తరట. వీసా ట్రాన్స్‌ఫర్‌కి ఏం పేపర్లు గావాలె అని అడిగిండు."

"అంటే తీసుకున్నట్టేగా?" అంది వదిన.

"అట్లనే ఉంది. లాస్ట్‌కి నీకేమన్న ప్రశ్నలున్నయా అన్నడు. మీ దగ్గర టైమెంత అని అడిగిన."

ఎవరూ కేకలు వేయలేదు, ఎగరలేదు. అంత ఓపిక ఎవరికీ మిగల్లేదు. అన్న వాడి భుజం తట్టి, "మంచిది. ఎక్కండి, ఈగలు," అన్నాడు.

బండి వెనకాల ఉన్న ఒకే ఒక్క మంచం అంకుల్‌ది. ఆయన తన దుప్పటి తీసుకుని ముందు బల్ల దగ్గరికి వచ్చేశారు. "పోయి పడుకో నాయనా," అన్నారు.

వాడు వెళ్ళి బోర్లా పడ్డాడు. బండి కదలక ముందే గురక మొదలైంది. వదిన వెళ్ళి ఒక షూ లాగేసింది. రెండోదాని లేసు ముడిపడిపోయింది. కాసేపు గోళ్ళతో పీకి, లేపడం ఎందుకని దాన్ని అలాగే వదిలేసింది.