బొంత మూలన అవ్వ ముక్క

కంప్యూటర్లో ఫోటో పెట్టి సరుకు అమ్మవచ్చు అన్న కబురు నాకు మొదట తెచ్చినవాడు మా మేనమామ రెడ్డెప్ప. అది 2006వ సంవత్సరం. ఆయన మదనపల్లె నుంచి బెంగుళూరుకు బస్సు నడిపేవాడు. ఒకరోజు డ్యూటీ దిగి నేరుగా మా ఇంటికే వచ్చాడు. నీళ్ళ చెంబు అందుకుంటూ అన్నాడు.

"అమ్మణ్ణీ, బెంగుళూర్లో ఒకాయన ఇంట్లో కూసోనే పాత స్కూటరు అమ్మేసినాడంట. కంప్యూటర్లో దాని బొమ్మ పెట్టినాడంట, కొనేవాడే వెతుక్కుంటా వచ్చినాడంట. ఆ పెట్టె నీ కాడా ఉండాది గదా. యాల ఊరికే పెళ్ళిపత్రికలు కొడతా కూసుంటావు?"

ఆ పెట్టె సంగతి కొంచెం చెప్పాలి. మా ఇంటి ముందుగదిలో నేను డీటీపీ సెంటరు నడిపేదాన్ని. డీటీపీ అంటే అక్షరాలను కంప్యూటర్లో కూర్చి అచ్చుకు సిద్ధం చేసి ఇవ్వడం. పెళ్ళిపత్రికలు, కరపత్రాలు, విజిటింగ్ కార్డులు. నేను బడి ముఖం చూసినదాన్ని కాదు. పుట్టుకతో వచ్చిన ఉబ్బసం వల్ల మా నాన్న ఇంట్లోనే పలక పట్టించాడు. నా మందుల డబ్బాల మీది అక్షరాలతోనే ఇంగ్లీషు కూడా నేర్పాడు. కంప్యూటరు మా తమ్ముడు సెలవులకు వచ్చినప్పుడల్లా ఓపికగా నేర్పినది. పొద్దున దేవుడి దగ్గర దీపం పెట్టి, ఆ పెట్టెకు ఒక నమస్కారం చేసి స్విచ్చి వేసేదాన్ని. గడప దాటే ఓపిక లేని మనిషికి గడప లోపలే పని చూపించిన దేవుడికి అంతకన్నా ఏం చెల్లించగలను? ఆ నమస్కారం ఇప్పటికీ మానలేదు.

మామ మాట పట్టుకుని, చిన్న చిన్న వ్యాపారాలవాళ్ళకు లిస్టింగులు రాసిపెట్టడం మొదలుపెట్టాను. లిస్టింగ్ అంటే సరుకు ఫోటో, దాని కింద నాలుగు మాటలు, ధర, కొనేవారు అడగడానికి ఒక చిరునామా. అప్పట్లో ఇంటర్నెట్టు ఫోను తీగ మీదనే వచ్చేది. ఒక ఫోటో పైకి ఎక్కేలోపు నేను చేటలో బియ్యం ఏరడం ముగించేదాన్ని. బి.కొత్తకోట నుంచి ఒకాయన వేరుశనగ ఉండలకు రాయించుకున్నాడు. పలమనేరు నుంచి ఒకామె మామిడి తాండ్రకు రాయించుకుంది. కొన్ని అమ్ముడయ్యేవి, కొన్ని ఎవరూ చూడక అలాగే ఉండిపోయేవి. ఎవరికైనా ఒక్క ఉత్తరం వచ్చిందంటే, ఆరోజు దీపంలో నూనె రెండు చుక్కలు ఎక్కువ పోసేదాన్ని.

మరుసటి ఏడు మునిరత్నమ్మ వచ్చింది. కుప్పం కోడలు, పుట్టిల్లు పుంగనూరు. ముప్పై ఏళ్ళుంటాయేమో. చంకలో నాలుగేళ్ళ కూతురు, చేతిలో మూట. మూట విప్పితే చంటిపిల్లల బొంతలు. చిన్న చిన్న నూలుగుడ్డ ముక్కలు అతికి, దగ్గర దగ్గరగా చేతికుట్టు వేసినవి. మా టేబులు మీద పరిస్తే గదికే వెలుగు వచ్చినట్టయింది.

"ఇదంతా చేతితోనేనా?" అని అడిగాను.

"చేత్తోనే అక్కా. పగలు బెంగుళూరు ఫ్యాక్టరీలో మిషను తొక్కుతా, ఇంటికొచ్చి ఇది కుడతా. రైలుకి పొద్దు పొడవకముందే పోవల్ల. నేను పొయ్యేటప్పుడు ఇది నిద్రలో ఉంటాది, వచ్చేటప్పుడూ నిద్రలోనే ఉంటాది. మొన్న ఆదివారం నేను ఇంట్లో ఉంటే, పక్కింటామె దగ్గరికి పోయి 'మా ఇంట్లో ఎవరో ఉండారు' అని చెప్పిందంట."

నవ్వుతూనే చెప్పింది. బిడ్డ తల మీద పెట్టిన చెయ్యి మాత్రం తియ్యలేదు. ఈ బొంతలు అమ్ముడైతే రైలు మానేయవచ్చునని ఆమె ఆశ. నేను చేయవలసిన పని ఏమిటో అప్పుడే నాకు స్పష్టంగా తెలిసింది.

ఆ రోజుల్లో కుర్రకారంతా స్నేహితుల్ని చేర్చుకునే సైటు ఒకటి ఉండేది. అందులో ఒకే విషయం మీద ఇష్టమున్నవాళ్ళు గుంపుగా చేరి మాట్లాడుకునే చోటును కమ్యూనిటీ అనేవారు. కొత్తగా తల్లులైన ఆడవాళ్ళ కమ్యూనిటీ ఒకటి నాకు కనబడింది. ఫోటో స్టూడియో నుంచి డిజిటల్ కెమెరా అరువు తెచ్చి, బొంతలను మా వసారాలో తీగ మీద ఆరేసి ఫోటోలు తీశాను. మాటలు ఎలా రాయాలో తెలియక, వేరే ఎవరో పరుపులు అమ్మేవాళ్ళ లిస్టింగు చూసి, 'పూర్తిగా కొత్త నూలుబట్టతో కుట్టినవి' అన్న అర్థం వచ్చే వాక్యం దింపేశాను. మునిరత్న గజాల లెక్కన కొత్త బట్ట కొనడం నాకు తెలుసు. అందుకే ఇంక అడగవలసింది ఏమీ లేదనుకున్నాను.

పది రోజుల్లో ఉత్తరాలు మొదలయ్యాయి. చెన్నై నుంచి, పూణే నుంచి, హైదరాబాదు నుంచి. డబ్బు వసూలుకు వి.పి.పి. పద్ధతి పెట్టుకున్నాం. పోస్ట్‌మాన్ పార్సిలు ఇచ్చి అక్కడే డబ్బు తీసుకుంటాడు, వాళ్ళు వద్దంటే పార్సిలు తిరిగి మనకే వస్తుంది. మూడు నెలలకు మునిరత్న ఫ్యాక్టరీ మానేసింది. ఆ రోజు ఫోను చేసి, "అక్కా, పాప నాతోనే అన్నం తినింది" అని ఒక్కమాట చెప్పి పెట్టేసింది.

తర్వాత నెలలోనే ఆ సందేశం వచ్చింది. పూణేలో ఒకామె కమ్యూనిటీలో అందరూ చూసేలా రాసింది. బొంత వెనకవైపు మూలన ఎవరో కట్టి విడిచిన చీర ముక్క ఉందనీ, వెలిసిపోయి, అంచు పిగిలి ఉందనీ, కొత్తదని నమ్మి నెలల బిడ్డను దాని మీద పడుకోబెట్టాననీ రాసింది. ఫోటో కూడా పెట్టింది. పసుపుపచ్చ గళ్ళ ముక్క, అరచేయంత. దాని కింద ఇరవైమంది వరకు తలా ఒక మాట రాశారు. మోసగాళ్ళు అన్న మాట నాకు ఇంగ్లీషులో మందుల డబ్బా మీద ఎప్పుడూ తగలలేదు. ఆ రోజు నేర్చుకున్నాను.

మునిరత్నకు ఫోను చేశాను.

"మునిరత్నా, కొత్త బట్టతోనే కదా కుట్టింది?"

"కొత్తదే అక్కా. ఒక్క ముక్క తప్ప."

"ఏ ముక్క?"

"అవ్వ ముక్క. అదేమక్కా, అది లేకుండా బిడ్డకు బొంత ఎట్ల ఇస్తారు?"

ఆమె చెప్పింది నాకు తెలియనిది కాదు. మా వైపు పుట్టిన బిడ్డకు మొదట కొత్త బట్ట తాకించరు. బాగా బతికిన పెద్దావిడ కట్టిన చీర చింపి, ఉతికి, దానిలో చుడతారు. ఆమె ఆయుష్షు బిడ్డకు రావాలని. నన్నూ అలాగే చుట్టారు. మునిరత్న తన అమ్మమ్మ చీరలను ఉడుకునీళ్ళలో ఉడికించి, రెండు ఎండల్లో ఆరబెట్టి, ప్రతి బొంతకూ ఒక ముక్క వెనక మూలన కుట్టింది. చెప్పవలసిన విషయమని ఆమెకు తోచలేదు. పప్పులో ఉప్పు వేశామని ఎవరైనా చెబుతారా? ఇక నేను, ముందువైపు ఫోటోలు తీశానే గాని ఒక్క బొంతనైనా తిప్పి చూడలేదు.

పార్సిళ్ళు తిరిగి రావడం మొదలైంది. కుప్పం పోస్టాఫీసులో ఒకరోజు రెండు, ఇంకోరోజు మూడు. దారిలో ఉన్న పదకొండింటిలో తొమ్మిది వెనక్కి వచ్చేశాయి. ఫ్యాక్టరీవాళ్ళు మళ్ళీ మనుషుల్ని తీసుకుంటున్నారనీ, ఈ సోమవారం కాక పై సోమవారంలోగా పేరు ఇవ్వమన్నారనీ మునిరత్న చెప్పింది.

"ఆ ముక్క లేకుండా కుట్టు, సరిపోతుంది" అన్నాను.

"రైలుకన్నా పోతాను గానీ, అట్ల కుట్టనక్కా. ఆ బిడ్డకేమన్నా అయితే?"

ఆదివారం మా మామను తోడు తీసుకుని పుంగనూరు పోయాను. మునిరత్న కూడా కుప్పం నుంచి వచ్చింది. ఆ అవ్వ పేరు చెంగమ్మ. తొంభై దాటాయంటారు, ఆమెకే సరిగ్గా తెలియదు. తొమ్మిదిమంది బిడ్డల్ని కని, తొమ్మిదిమందినీ దక్కించుకున్న తల్లి. అరుగు మీద కాళ్ళు చాపుకుని వక్క దంచుకుంటోంది. జరిగినదంతా మునిరత్న చెవి దగ్గర గట్టిగా చెప్పింది. అవ్వ రోలు పక్కన పెట్టింది.

"నా కోక పూనా దాకా పోయిందా? నేను తిరపతి దాటి పోలేదే."

"పోయింది గానీ అవ్వా, వాళ్ళకు నచ్చలేదు" అన్నాడు మామ.

"ఎట్ల నచ్చుతాదప్పా? ఎవురిదో తెలీకుండా పాత కోక నీకిస్తే నువ్వు కప్పుకుంటావా?" నా వైపు తిరిగింది. "నువ్వేనా రాసింది? నా పేరు రాసినావా?"

"లేదవ్వా."

"ఈ చెంగమ్మది అని రాయకపోతే అది పేలికే గదమ్మా. ఆ యమ్మ తిట్టిందంటే తిట్టదా మరి. బిడ్డతల్లి."

అవ్వ మళ్ళీ వక్క అందుకుంటూ మనవరాలితో అంది, "నా కోకలన్నీ కోసేస్తాండావు, సరే. ఒకటన్నా మిగిలించు, కట్టుకునేదానికి. లేకుంటే ఆ కంప్యూటర్లో నన్ను ఎట్ల చూపిస్తారు?"

అందరం నవ్వేశాం. ఆ నవ్వులోనే కెమెరా తీసి, అనుమతి అడిగి, ఆమె ఫోటో తీశాను. ఆమె ఒంటి మీద ఉన్నదీ అలాంటి పసుపుపచ్చ గళ్ళ చీరే.

ఇంటికి వచ్చి పాత లిస్టింగు తీసేశాను. ఈసారి ఎవరి మాటలూ దింపుకోలేదు. బొంత ముందువైపు ఒక ఫోటో, వెనకవైపు ఒక ఫోటో, అవ్వ ఫోటో ఒకటి పెట్టాను. తప్పు కుట్టిన మనిషిది కాదు, తిప్పి చూడకుండా రాసిన నాదని మొదటి వాక్యంలోనే రాశాను. ముక్క ఎవరిదో, ఎలా ఉతికారో, మా వైపు ఎందుకు కుడతారో రాశాను. వద్దన్నవారికి డబ్బు తిరిగి పంపుతామని రాశాను. ఆ ముక్క లేకుండా కావాలన్నా చెప్పండి అని రాసి, మునిరత్నకు చదివి వినిపించాను.

చాలాసేపు ఆలోచించింది. చివరికి, "కుట్టను గానీ, కాగితంలో చుట్టి పక్కన పెట్టి పంపిస్తా. దేవుని గూట్లో పెట్టుకుంటారో, పారేస్తారో, వాళ్ళిష్టం" అంది. ఆ మాట కూడా రాశాను.

పూణే ఆమె బొంత తిప్పి పంపింది, డబ్బు తీసుకుంది, మళ్ళీ ఏమీ రాయలేదు. ఆమెది న్యాయమే, నాకు ఇప్పటికీ ఆమె మీద కోపం లేదు. రెండు రోజులు ఎవరూ ఏమీ రాయలేదు. ఆదివారం నుంచి నా ఉబ్బసం ఎక్కువై, దీపం ముందు కూర్చుని ఊపిరి లెక్కపెట్టుకున్నాను. మూడో రోజు మధ్యాహ్నం, తిప్పి పంపిన తొమ్మిదిమందిలో ఒకామె చెన్నై నుంచి రాసింది. తన బిడ్డను చుట్టడానికి అలాంటి చీర ఇచ్చే పెద్దదిక్కు తన ఇంట్లో ఎవరూ లేరట. అవ్వ ముక్క ఉన్న బొంతే మళ్ళీ పంపమంది. సాయంత్రానికి ఇంకో ఇద్దరు. గడువు సోమవారం వచ్చినా మునిరత్న ఫ్యాక్టరీకి పేరు ఇవ్వలేదు. తిరిగి వచ్చినవాటిలో మూడు ఎప్పటికీ పోలేదు. వాటిలో ఒకటి మా ఇంట్లో ఉంది.

ఆ తర్వాత ఎందరివో సరుకులు చూపించాను. ఎవరు వచ్చినా ముందు వస్తువును చేతిలోకి తీసుకుని తిప్పుతాను. వెనక ఏముందో, ఎందుకుందో అడుగుతాను. నలుగురూ చూసే చోట పెట్టేముందు నేను పూర్తిగా చూడాలి కదా. ఆ పాఠం నాకు ఆ అరుగు మీద దొరికింది. చెప్పిన తల్లికి నేను రుణపడి ఉన్నాను.

రెండేళ్ళ తర్వాత చెంగమ్మవ్వ నిద్రలోనే వెళ్ళిపోయింది. ఆ పసుపుపచ్చ గళ్ళ చీర మునిరత్నకు వచ్చింది. అది అయిపోతుందని భయపడి ఆమె ముక్కలను చిన్నవి చేస్తూ పోయింది. మొదట అరచేయంత, తర్వాత తమలపాకంత, చివరికి బొటనవేలి గోరంత. ఆఖరి ముక్క ఎవరికి పోయిందో మాకు తెలియదు.

చదివేవారిని ఒక్కటే అడుగుతాను. మీ ఇంట్లోనో, మీకు తెలిసినవారి ఇంట్లోనో బీరువా అడుగున ఒక చంటిపిల్లల బొంత ఉండవచ్చు. దాని వెనక మూలన పసుపుపచ్చ గళ్ళ ముక్క కనబడితే, దాన్ని విప్పేయకండి. అది పుంగనూరు చెంగమ్మది. ఆమెను ఒక్కసారి తలుచుకోండి.