మూడు చరణాల అన్నం

అరణ్యంలో ఒక జనాంగం మొత్తానికి ఆకలి తీర్చే మన్నా కురిపించిన దేవునికి, వరంగల్‌లో మా చిన్న వంటింటిని కూడా మరిచిపోని ఆ దేవునికే స్తోత్రం కలుగును గాక. ఆయన పెట్టకపోతే తినే నోరు లేదు, ఆయన ఇవ్వకపోతే పాడే గొంతు లేదు. ఈ మాట చిన్నప్పటి నుంచి ప్రసంగాల్లో వింటూనే పెరిగాను. అర్థమైంది మాత్రం ఒక గిన్నెడు అన్నం ముందు.

ఆ రోజుల్లో మా వంటింట్లో గడియారం ఉండేది కాదు. అమ్మ పాడుతూ వండేది కాబట్టి దాని అవసరం ఎవరికీ తోచలేదు. ఎసరు మరిగాక బియ్యం పోసి ఒక పాత కీర్తన ఎత్తుకునేది. మూడో చరణం అయిపోయి మళ్లీ పల్లవికి వచ్చిందంటే, మెతుకు నొక్కి చూడకుండానే గిన్నె దించి గంజి వార్చేది. చాయకు పల్లవి ఒక్కటి చాలు. కోడిగుడ్లకు సండే స్కూల్ పిల్లల పాట, రెండుసార్లు. కందిపప్పుకు ఉపవాస కూటాల్లో పాడే పొడుగు పాట (దానికి చరణాలెన్నో మా సంఘ కాపరి అయ్యగారికి కూడా తెలియదు). ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాల్లో అమ్మ పాటలన్నీ బరువుగా సాగేవి కాబట్టి ఆ రోజుల్లో మా ఇంట్లో అన్నం మెత్తన. డిసెంబరు వచ్చిందంటే పాటలు గంతులేసేవి, అన్నం పలుకు. ముద్ద నోట్లో పెట్టుకుని ఏ పండుగ దగ్గర పడిందో తమ్ముడు చెప్పేవాడు. వారానికి సరిపడా వంట లెక్క కూడా అమ్మ నోట్లోనే ఉండేది. సోమవారం పప్పుచారు, శుక్రవారం ఉపవాసం విడిచాక కిచిడి, ఆదివారం చర్చి నుంచి వచ్చాక కోడికూర. ఏ కూరగాయ ఎప్పుడు తేవాలో, ఏ డబ్బాలో ఏముందో, అన్నీ ఆమె చెబితేనే మాకు తెలిసేది.

అలాంటి నోరు మూతపడింది. నేను హనుమకొండలో డిగ్రీ చదువుతున్నప్పుడు అమ్మ గొంతులో గడ్డ పుట్టింది. దవాఖానలో ఆపరేషన్ చేసి తీసేశారు. గడ్డ చెడ్డది కాదన్నారు, మోకాళ్ల మీద పడి దేవునికి కృతజ్ఞత చెప్పుకున్నాం. కానీ గడ్డతోపాటు మాటా పోయింది. "గొంతు నరం బాగా అలిసిపోయిందమ్మా. మాట తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. కడుపునిండా తినాలి, మాట్లాడే ప్రయత్నం చేస్తూ ఉండాలి. ప్రయత్నం మానేస్తే మాత్రం కష్టం" అన్నాడు డాక్టరు. ఇంటికి వచ్చిన రోజు అమ్మ ఒకే ఒక్కసారి నోరు తెరిచింది. సైకిల్ ట్యూబులోంచి గాలి పోతున్నట్టు ఒక చప్పుడు వచ్చింది. తమ్ముడు ఫక్కున నవ్వాడు, వెంటనే భయపడి పెరట్లోకి పరుగెత్తి ఏడ్చాడు. అమ్మ మాత్రం పెదవులు బిగించింది. అంతే. చర్చిలో ఆరాధన మొదలుపెట్టే పాట ఎత్తుకునే మనిషి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. తినడమూ మానేసింది. తినకపోతే బలం రాదు, మాట్లాడకపోతే మాట రాదు, ఆమె రెండూ చేయదు.

సాయంత్రం కుటుంబ ప్రార్థనలో నాయిన వాక్యం చదివేవాడు. నాయిన బస్సుల డిపోలో మెకానిక్. వరుస తప్పకుండా రోజుకో అధ్యాయం చదవడం ఆయన నియమం. మా దురదృష్టం చూడండి, ఆ వారమే వరుసలో దేవదూత మాట నమ్మని ఒక యాజకుడు మూగవాడైన భాగం వచ్చింది. సగం దాకా జోరుగా చదివి, ఏం రాబోతున్నదో చూసుకుని, నాయిన గట్టిగా దగ్గాడు. రెండోసారి దగ్గాడు. "ఇయ్యాల ఇంతే చాలు, కండ్లు మంటలు పుడుతున్నయ్" అని పుస్తకం మూశాడు. (వరుస తప్పడం నాకు తెలిసి అదే మొదటిసారి.) అమ్మకు ఆ అధ్యాయం కంఠతా వచ్చు. యాజకుడికి చివర్లో మాట వస్తుందని కూడా తెలుసు. అయినా ఇటు తిరగలేదు.

చూడ్డానికి వచ్చినవాళ్లందరూ బ్రెడ్డు తెచ్చారు. మా సంఘంలో అదొక ఆచారం. ఎవరికి ఏ జబ్బు చేసినా ఒక బ్రెడ్డు ప్యాకెట్, ఒక ప్రార్థన. బీరువా మీద, ఫ్రిజ్ మీద, చివరికి కుట్టుమిషన్ మీద కూడా బ్రెడ్డే. "అక్కా, అరణ్యంలో మన్నా మిగిలితె పురుగులు పట్టిందట కదా, ఇదెప్పుడు పడ్తది?" అని అడిగాడు తమ్ముడు. అందరిలోకీ ఎక్కువగా వచ్చింది ఆమెన్ పెద్దమ్మ. చుట్టరికమేమీ లేదు. ప్రసంగంలో అయ్యగారు ఊపిరి పీల్చుకోవడానికి ఆగినా సరే 'ఆమెన్' అని కేక పెట్టడం వల్ల ఆమెకు ఆ పేరు. మంచం పక్కన కూర్చుని అమ్మ చెయ్యి పట్టుకుని ధైర్యం చెప్పేది. "మా ఆడబిడ్డకు గూడ గిట్లనే అయ్యింది బిడ్డా. గడ్డ తీసిండ్లు, మాట వోయింది. మల్ల రానే రాలే. గట్లనే రెండు మూడేండ్లుండి ప్రభువు దగ్గరికి వోయింది. నువ్వేం ఫికర్ జేయకు." ఈ ఓదార్పు విన్నాక అమ్మ మరో పూట తినేది కాదు.

ఇక సంత నాయిన మీద పడింది. బస్సు ఇంజను శబ్దం విని ఏ నట్టు వదులైందో చెప్పగల మనిషి, బెండకాయల ముందు మాత్రం చేతులెత్తేశాడు. అమ్మ బెండకాయ కొన విరిచి చూసి తెచ్చేది. నాయినకు అలా విరిస్తే పాపమనిపించిందట, "అమ్మేటోని సరుకు మనమెట్ల ఇరుస్తం?" అన్నాడు. ఆయన తెచ్చినవి వంటచెరకులో వేయదగ్గ బెండకాయలు. సంచి మంచం దగ్గర పెడితే అమ్మ ఒకటి తీసి కొన వంచింది. అది వంగింది గానీ విరగలేదు. ఆమె ఆ బెండకాయను, తర్వాత నాయినను, నిదానంగా చూసింది. మాట ఉన్న రోజుల్లోనైతే రెండు తిట్లతో అయిపోయేది. ఆ చూపును భరించలేక నాయిన విప్పిన చెప్పులు మళ్లీ తొడుక్కున్నాడు. పాలకూర కోసం వెళ్లి చుక్కకూర తెచ్చాడు. "రెండూ ఆకులే గదనే" అన్నాడు నాతో, గుమ్మంలో నిలబడి, లోపలికి రావాలో వద్దో తెలియక. ఆ వారమంతా పుల్లటి పప్పు తిన్నాం.

వంట నాది. నా సంగతి కూడా చెప్పాలి. అప్పట్లో నేను యవ్వనస్థుల పాటల బృందంలో ముందు నిలబడి పాడేదాన్ని. కీబోర్డు, ప్యాడ్లు, చప్పట్లు. పాత కీర్తనలు ఎడ్లబండిలా నడుస్తాయని నా అభిప్రాయం. పాతవాటిని కూడా కొత్త బీటులో దౌడు తీయించేవాళ్లం. కుక్కరు పెడదామంటే మొదటి విజిల్‌కే అమ్మ ఉలిక్కిపడి కుట్లు పట్టుకుంది. దాన్ని అటకెక్కించాను. గిన్నెలో అన్నం పెట్టి అమ్మ దగ్గరికి వెళ్లి, "ఎంతసేపు ఉడకాల్నమ్మా?" అని అడిగాను. మూడు వేళ్లు చూపించింది. "మూడు నిమిషాలా?" అన్నాను ఫోను చేతిలో పట్టుకుని. అమ్మ కళ్లు మూసుకుంది. ఆమెకు నిమిషాలెక్కడివి? మూడు చరణాలు. సరేనని అదే కీర్తన ఎత్తుకున్నాను, మా బృందం పద్ధతిలో, గరిటెతో మూత మీద బీటు వేస్తూ. మూడో చరణం అవ్వగానే దించి గంజి వార్చాను.

"ఎట్లుంది నాయినా?" అని అడిగాను. నాయిన చాలాసేపు నమిలాడు. "మంచిగనే ఉన్నదే. పండ్లకు జర పని చెప్తాంది" అన్నాడు. తమ్ముడికి అంత సంఘ మర్యాద లేదు. "ఇది అన్నమా, గిన్నెల బియ్యం తానం జేసి అచ్చినయా?" అన్నాడు. అమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, మింగలేక, పళ్లెం పక్కకు జరిపింది. మర్నాడూ అంతే. నీళ్లు మార్చాను, బియ్యం మార్చాను, మంట పెంచాను. పాట మార్చాలన్న ఆలోచన మాత్రం రాలేదు, ఎందుకంటే పాట నేను బ్రహ్మాండంగా పాడుతున్నాను కదా. అమ్మ బెంగతో తినడం లేదని మేమందరం నమ్మాం. కొంత బెంగే. కానీ కోసి కుట్టిన గొంతులోంచి ఆ పలుకు మెతుకులు ఎలా దిగుతాయని మాలో ఒక్కరికీ తట్టలేదు. ఆమె చెప్పలేకపోయింది. మేము ఆమె ఆకలి కోసం కన్నీళ్లతో ప్రార్థించి, మళ్లీ అవే మెతుకులు వడ్డించేవాళ్లం.

అమ్మ చర్చికి వెళ్లలేకపోయిన మొదటి ఆదివారం వచ్చింది. ఆరాధన అయ్యాక ఆమెన్ పెద్దమ్మ నేరుగా మా ఇంటికే వచ్చింది. "నీ పాట ఇయ్యాల వేరేటామె ఎత్తుకున్నది బిడ్డా. మంచిగనే పాడింది. ఏ పనీ ఎవల కోసం ఆగది గదా" అంది. అమ్మ కళ్ల నుంచి నీళ్లు చెవుల్లోకి కారడం నేను చూశాను. పెద్దమ్మ మీద కోపం, డాక్టరు మీద కోపం, చెప్పకూడదు గానీ, పరలోకం మీద కూడా కాస్త కోపం. ఎవరినీ ఏమీ అనలేక వంటింట్లోకి వెళ్లి బియ్యం పోశాను. ఇల్లంతా చచ్చిపోయినట్టు నిశ్శబ్దంగా ఉంటే భరించలేక గొంతెత్తి పాడాను. కోపానికి బీటు ఇంకా పెరిగింది. మొదటి చరణం కంచె దూకిన మేకలా పోయింది.

అప్పుడు లోపలి గదిలో టంగుమని శబ్దం. అమ్మ మందు తాగే స్టీలు చెంచాతో మంచం కమ్మీ మీద కొడుతోంది. టంగ్. ఆగి, మళ్లీ టంగ్. నా పాటకు తాళం వేస్తోందనుకుని ఇంకా ఉత్సాహంగా పాడాను. చెంచా శబ్దం గట్టిదైంది గానీ వేగం పెరగలేదు. నేను రెండో చరణంలో పరుగెడుతున్నాను, చెంచా ఇంకా మొదటి చరణంలోనే ఉంది. చివరికి చెంచా ఆగిపోయింది. తిరిగి చూస్తే అమ్మ వంటింటి గుమ్మంలో, ఒక చెయ్యి గోడకు ఆనించి, ఇంకో చేత్తో చెంచా నా వైపు చూపిస్తూ నిలబడి ఉంది. పెదవులు కదిలాయి. గాలి వచ్చింది. గాలి వెనుక, గరుకు కాగితం గీసినట్టు, మాట వచ్చింది.

"మెల్లగ... పాడవే. ఎవలు తరుముతాండ్లు నిన్ను?"

మా ఇంట్లో దేవుడు చేసిన అద్భుతంలో వచ్చిన మొదటి మాట అది. సగం గడ్డం సబ్బు నురుగుతో నాయిన పరుగెత్తుకొచ్చాడు. తమ్ముడు "అమ్మ తిట్టింది! అమ్మ తిట్టింది!" అని వాకిట్లోకి ఉరికాడు. పెద్దమ్మ పెట్టిన 'ఆమెన్' కేకకు ఎదురింటి వాళ్లు బయటికి వచ్చారు. అక్కడికక్కడే వంటింట్లో అందరం మోకరించాం, పెద్దమ్మ ప్రార్థన అందుకుంది. ఆమె సృష్టి నుంచి మొదలుపెట్టింది. ఎర్ర సముద్రం దాటేసరికి నాకు అన్నం గుర్తొచ్చింది. కళ్లు తెరిచి పొయ్యి వైపు చెయ్యి చాపబోతే నాయిన మోచేత్తో పొడిచాడు. ప్రార్థన ముగిసేసరికి గిన్నెలో వార్చడానికి గంజీ లేదు, విడదీయడానికి మెతుకూ లేదు. అంతా ఒకటే ముద్ద. సిగ్గుతో దాన్నే పళ్లెంలో వేసి, చల్ల పోసి పిసికి, ఉప్పేసి అమ్మకు పెట్టాను. అమ్మ తింది. సులువుగా మింగింది. పళ్లెం ముందుకు జరిపి, "ఇంకింత" అంది.

ఆ రాత్రి మేమంతా పాట కూడా తిరిగి వస్తుందనుకున్నాం. అది రాలేదు. మాట వచ్చింది, జీవితాంతం ఆ గరుకు మాటే. పాట కోసం ఎప్పుడు నోరు తెరిచినా గాలే. చర్చిలో ఆమె వెనుక వరుసలో కూర్చుని పెదవులు మాత్రం కదిపేది. ఎందుకిలా అని నేను దేవుణ్ని చాలా అడిగాను. నా విశ్వాసం తగ్గలేదు, జవాబూ రాలేదు. ఇంట్లో మాత్రం ఒక ఏర్పాటు కుదిరింది. వండేది అమ్మ, పాడేది నేను, తాళం చెంచాది. నేను తొందరపడితే చెంచా గిన్నె అంచుకు తగిలేది. అలా ఆ పాత కీర్తన నాకు ఆమె వేగంలో పట్టుబడింది. యవ్వనస్థుల బృందంలో నేను వెనుకబడిపోతున్నానని అందరూ విసుక్కోవడం మొదలుపెట్టారు.

అమ్మ ప్రభువు దగ్గరికి వెళ్లి కొన్నేళ్లయింది. ఇప్పుడు నా వంటింట్లో కరెంటు కుక్కరుంది, అన్నం అయ్యాక దానంతటదే ఆగుతుంది. అయినా ఆదివారం చర్చి నుంచి వచ్చాక గిన్నెలోనే ఎసరు పెడతాను. కొన విరిచి చూసి తెచ్చిన బెండకాయలు తరుగుతూ పాడతాను. మూడో చరణం దగ్గర కత్తి పక్కన పెడతాను. చెంచా శబ్దం కోసం ఆగుతాను. అది రాదు కదా, ఆగుతూనే ఉంటాను. "చరణం అయిందా, అన్నం అడుగంటిందా?" అని మా ఆయన బయటి నుంచి అడుగుతాడు. ముద్దయిపోయిన అన్నాన్ని చూస్తే, మూత మీద గరిటె వాయిస్తూ తాను బ్రహ్మాండంగా పాడుతున్నాననుకున్న ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఆ ముద్దలోనే చల్ల పోసుకుని తింటాను.

ఇది చదువుతున్న మీరు ఇప్పుడు పొయ్యి మీద ఏదైనా పెట్టి ఉంటే ముందు మంట తగ్గించుకోండి, మా పెద్దమ్మ ప్రార్థన అనుభవంతో చెబుతున్నాను. తర్వాత ఒక్క క్షణం నాతోపాటు తల వంచండి. తండ్రీ, మా ఇళ్లలో మాట పోయి గోడవైపు తిరిగి పడుకున్నవారిని జ్ఞాపకం చేసుకో. వాళ్ల గొంతు దిగే మెత్తని ముద్ద వండే ఓపిక మాకు ఇవ్వు. నీ దగ్గర మా అమ్మ మళ్లీ పాడుతూ ఉంటే, ఆమె వేగానికి అడ్డు రావద్దని అక్కడి పాటల బృందానికి చెప్పు. ఆమెన్.