ఇనుము పాలిచ్చిన రోజు

ఆ రోజులంటే మరీ కట్టెల పొయ్యి రోజులేం కావు. చేతిలో ఫోన్ ఉంది, ఫోన్లో లోకమంతా ఉంది, నాకు మాత్రం ఇరవై మూడేళ్ళు నిండినా ఇంకా బుద్ధి నిండని రోజులు. తిరుపతిలో టీచర్ చదువు ముగించుకుని తమిళనాడులోని మా రాజపాళయం తిరిగొచ్చి, మా ఊళ్ళోనే ఒక స్కూల్లో తెలుగు చెప్పడానికి చేరాను. చదువుతో పాటు అక్కణ్ణుంచి పుస్తకాల తెలుగు కూడా మూట కట్టుకొచ్చాను. గడప దాటుతూ "అమ్మా, వచ్చాను" అంటే, నాయకరాజుల కాలం నుంచీ "వచ్చినాను" అనే ఇంట్లో పుట్టిన మా అమ్మ నన్ను ఎగాదిగా చూసి, "వచ్చినావా, ఇంకా వస్తా ఉండావా? సరిగా చెప్పు" అంది. మా నాన్న అయితే వారం రోజులు నేను నోరు తెరిచినప్పుడల్లా పక్క గదిలోంచి టీవీ కట్టేయమని కేకేసేవాడు. (వార్తలనుకున్నాడట పాపం.) నాకు మాత్రం గర్వంగానే ఉండేది.

మా ఊళ్ళో తెలుగు మాట్లాడే ఇళ్ళకు లోటు లేదు. చదవడం, రాయడం మాత్రం అరవంలోనే. పిల్లలు ఇంట్లో అవ్వతో తెలుగు, వీధిలో అరవం, అమ్మానాన్నలతో రెండూ కలిపిన సాంబారు మాట్లాడతారు. వాళ్ళకు వారానికి కొన్ని పీరియడ్లు తెలుగు చెప్పడం నా పని. చేరిన కొన్ని నెలలకే కరస్పాండెంట్, అంటే స్కూలు నడిపే పెద్దాయన, ఒక మాట బయటపెట్టాడు. వచ్చే ఏడాది నుంచి తెలుగు పీరియడ్ తీసేసి స్పోకెన్ ఇంగ్లీష్ పెడతాం, అయినా న్యాయంగా ఉండాలి కాబట్టి తల్లిదండ్రులను పిలిచి ఒక క్లాసు చూపిద్దాం, వాళ్ళు కావాలంటే ఉంచుదాం అన్నాడు. ఆయనకు బ్యాండేజి గుడ్డ వ్యాపారం. స్కూల్లో అరవం తప్ప ఇంకో ముక్క మాట్లాడగా ఎవరూ వినలేదు. తెలుగు పోతే నేనూ పోతానని ఎవరూ విడమరిచి చెప్పలేదు గానీ, అందుకు పెద్ద తెలివి అక్కర్లేదు.

నన్ను ఆదుకున్నది మా కణక్కు టీచర్. లెక్కలు చెప్పే ఆవిణ్ణి ఊరంతా అలాగే పిలుస్తుంది. ఆవిడ క్లాసులో భిన్నాలు నేర్పాలంటే తెర మీద పరోటా వచ్చి ముక్కలుగా విడిపోయేది, పిల్లలు ఆకలితోనైనా నేర్చుకునేవాళ్ళు. అదంతా డబ్బు పోసి కొన్నదేమో అనుకునేదాన్ని. అన్నీ ఊరికే దొరికే యాప్‌లే అని, మధ్యాహ్నం పులిహోర డబ్బా పక్కన పెట్టి ఒక్కొక్కటీ చూపించింది. ఒకటి పాఠాన్ని ఆటగా మార్చి మార్కులు వేస్తుంది, ఒకటి బొమ్మకు మన గొంతు తగిలిస్తుంది, ఒకటి మనం మాట్లాడితే అక్షరాలుగా రాస్తుంది, ఇంకొకటి రాసినదాన్ని తిరిగి చదువుతుంది. ఊరికే వచ్చేదాంట్లో ఏదో మోసం ఉంటుందని నేను గొణిగితే ఆవిడ నవ్వుతూ అరవంలో అన్నదాని సారం ఇది: చేసినవాళ్ళెవరో మనకు తెలీదు, మనం వాళ్ళకు తెలీదు, అయినా ఇచ్చారు, వాడుకో, ఇంకొకరికి నేర్పు. ఆ మాటకు నేను ఇవాళ్టికీ దణ్ణం పెట్టుకుంటాను.

మాట్లాడితే రాసేదీ, రాసింది చదివేదీ, ఈ రెండూ జోడించాలని నేను తేల్చుకున్నాను. ఒక్కో పిల్ల, పిల్లాడు వచ్చి తన ఇంటి గురించి ఒక మాట చెప్పాలి, అది గోడ మీద అందమైన తెలుగు అక్షరాల్లో పడాలి, ఫోన్లోని అమ్మాయి దాన్ని తియ్యగా చదవాలి, తల్లిదండ్రులు మూర్ఛపోవాలి. ఇంటిదగ్గర చాలాసార్లు అభ్యాసం చేశాను. నా పుస్తకాల తెలుగును అది ఒక్క పొల్లు కూడా తప్పకుండా రాసింది. పిల్లల చేత కూడా ఒకసారి పలికించి చూడాలన్న ఆలోచన మాత్రం నా బుర్రకు తట్టలేదు.

ఆ రోజు రానే వచ్చింది. తెరకు కరస్పాండెంట్ గారే బ్యాండేజి గుడ్డ పంపించారు. అది జల్లెడలాంటిది కాబట్టి సగం వెలుగు తెర మీద, సగం వెనక గోడ మీద పడింది. నాలుగు మడతలు వేసి కట్టాక కాస్త కుదురుకుంది. హాలు నిండింది. ముందు నేను ఫోన్ పట్టుకుని "నేను బడికి వచ్చాను" అన్నాను. అక్షరాలు పడ్డాయి, ఫోన్ చదివింది, చప్పట్లు మోగాయి. నా తల కొంచెం పైకి లేచింది.

తర్వాత పాలపాప వచ్చింది. సేత్తూరు నుంచి బస్సులో వచ్చే పిల్ల, వాళ్ళింట్లో పాల వ్యాపారం, అందుకే ఆ పేరు. గేదెను మా వైపు ఎనుము అంటాం. ఆ పిల్ల గొంతు సవరించుకుని "మా ఎనుము పొద్దన్నే పాలిచ్చింది" అంది. ఫోన్ ఒక క్షణం ఆలోచించి, తన తియ్యటి గొంతుతో హాలంతటికీ చదివి వినిపించింది: "మా ఇనుము పొద్దున్నే పాలిచ్చింది."

వెనక వరసలోంచి ఇనుప సామాన్ల అంగడాయన మెల్లగా లేచి, "మా అంగడి నిండా ఇనుమే ఉండాది, ఒక చుక్క ఇచ్చింది లేదే" అన్నాడు. ఇక నవ్వులు ఆగలేదు. ఇంకో పిల్లాడొచ్చి వాళ్ళవ్వ ఉర్లగడ్డ కొన్నదని చెప్పాడు. బంగాళాదుంపకు మా మాట అది. వాళ్ళవ్వ ఊళ్ళో గడ్డం కొన్నదని ఫోన్ చదివింది. ఆ అవ్వ హాల్లోనే ఉంది. గడ్డం తడుముకుని చూసుకుంది కూడా. పుణ్యానికి పుట్టెడిస్తే పిచ్చకుంచమని కొట్లాడినట్టు, అప్పటిదాకా మెచ్చుకున్న ఫోన్‌ను లోలోపల తిట్టిపోశాను. ఆ కోపం ఫోన్ మీద చూపించలేక పాలపాప మీదికి తిరిగాను. "గేదె అని చెప్పమ్మా, గేదె" అని చెవిలో బతిమాలాను.

గుసగుసలాడటం ఆ పిల్లకు చేతకాదు. "గేదె ఎవురింట్లో ఉండాదో నాకు తెలీదు టీచర్. మా ఇంట్లో ఉండేది ఎనుము" అంది.

నవ్వులు ఆగాయి. ముందు వరసలోంచి కరస్పాండెంట్ లేచాడు. అయిపోయింది, తెలుగూ పోయింది, నేనూ పోయాను అనుకున్నాను. ఆయన నేరుగా వచ్చి చెయ్యి చాచి ఫోన్ తీసుకున్నాడు. దాన్ని నోటికి దగ్గరగా పెట్టుకుని, తెలుగులో, "నాయనా, సద్దికూడు తినిపో" అన్నాడు. "నాయనా, సందు కూడా తినిపో" అంది ఫోన్. ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన నవ్వలేదు. చెవుడున్నవాళ్ళకు చెప్పినట్టు ఇంకా గట్టిగా మళ్ళీ అన్నాడు. మళ్ళీ సందు కూడా తినమంది. ఆయన ఫోన్ దించి పిల్లల వైపు తిరిగి, సద్దికూడంటే ఏమని అడిగాడు. హాలు అదిరేట్టు అందరూ ఒక్కసారే చెప్పారు. రాత్రి నీళ్ళు పోసిపెట్టి పొద్దన్నే తినే అన్నం అని, మజ్జిగ పోయాలని, ఎర్రగడ్డ, అదే ఉల్లిపాయ, కొరుక్కోవాలని, ఎవరింటి పద్ధతి వాళ్ళు చెప్పారు. ఆయన కళ్ళు తడిశాయి. చూసి నా కళ్ళూ తడిశాయి.

"మా అమ్మ పోయినాక ఈ మాట నాకెవురూ చెప్పలే" అన్నాడు. "దీనికి తెలీదు, సరి. ఈ పిల్లోళ్ళకు తెలుసు. క్లాసు ఉండనీ." అని నా వైపు చూసి, "నువ్వు యా ఊరమ్మా?" అని అడిగాడు.

ఇక్కడే పుట్టానండీ అని మర్యాదగా చెప్పబోయాను. నోటికి వచ్చింది వేరే. "ఈ ఊరే సార్. ఈడనే పుట్టినాను" అన్నాను. ఆ స్కూల్లో నేను మాట్లాడిన మొదటి తెలుగు అదేనేమో.

తర్వాత ఆ ఫోన్ నా చేతికి రావడానికి చాలాసేపు పట్టింది. తల్లిదండ్రులు వరస కట్టి తమ ఇంటి మాటలు ఒక్కొక్కటీ దానికి వినిపించి, అది ఏం రాస్తుందో చూసి పడి పడి నవ్వారు. తెలుగెందుకని నెల రోజులుగా నాతో వాదించిన ఒక పిల్లాడి తండ్రే అందరికన్నా ఎక్కువసేపు పట్టుకున్నాడు. మర్నాడే కణక్కు టీచర్ నన్ను కూర్చోబెట్టి, బొమ్మకు గొంతు తగిలించేదాన్ని నేర్పింది. ఇప్పుడు మా క్లాసులో గేదె బొమ్మ తాకితే రెండు గొంతులు వినిపిస్తాయి. పుస్తకం మాట నేను చెబుతాను, ఇంటి మాట పిల్లలు చెబుతారు. పరీక్షలో రెండింటికీ మార్కులే.

ఆ సాధనాలను ఊరికే ఇచ్చిన ఆ ముఖం తెలియని పుణ్యాత్ములకు, తన తిండి వేళ నాకిచ్చిన కణక్కు టీచర్‌కు ఎన్నిసార్లు కృతజ్ఞతలు చెప్పుకున్నా తనివి తీరదు. అందరికన్నా ఎక్కువగా ఆ ఫోన్ చెవిటితనానికి చెప్పుకుంటాను. ఆ రోజు అది ప్రతి మాటా సరిగ్గా రాసి ఉంటే అందరూ చప్పట్లు కొట్టి, టీ తాగి, తెలుగు పీరియడ్‌ను మర్యాదగా సాగనంపేవాళ్ళు. అప్పుడప్పుడు ఆ ఇరవై మూడేళ్ళ పిల్ల కళ్ళకు కడుతుంది. ఇస్త్రీ చీర కట్టుకుని, ఎనుమున్న ఇంటి పిల్ల చెవిలో గేదె అనమని బతిమాలుతూ ఉంటుంది. నవ్వొస్తుంది, పాపం అని కూడా అనిపిస్తుంది. తనకూ ఒక భాష ఉందని ఆ ఇస్త్రీ చీర పిల్లకు అప్పటికింకా ఎవరూ చెప్పలేదు.