మోకాలికి స్కానింగేటి?

మా అక్క మొగుడిది అక్కుపల్లి. ఒకనాడు వేట నుంచి వచ్చిన తెప్పను ఒడ్డుకు లాగుతుంటే ఇసుకలో కాలు దిగబడి మోకాలు మెలిపడింది. వాపు తగ్గినా, నడుస్తూ నడుస్తూ ఉండగా కాలు పట్టేసేది. టెక్కలిలో కట్లు కట్టించుకుని విసిగిపోయాక నేనే విశాఖపట్నం తీసుకెళ్లాను.

అక్కడి డాక్టరు మోకాలికి జెల్ రాసి స్కానింగ్ మిషన్ ఆనించగానే బావ ముఖం మాడిపోయింది. మా ఉద్దానంలో ఇంటింటా కిడ్నీ జబ్బే, స్కానింగంటే కిడ్నీలకే. వాళ్ల నాన్న ఆ జబ్బుతోనే పోయాడు. బయటికి రాగానే నన్ను గోడవారకు లాగాడు.

"మోకాలికి స్కానింగేటిరా? ఈడు ఇంకేదో సూత్తన్నాడు."

"నీ దగ్గర ఏటుంది బావా సూడ్డానికి?"

"రెండు కిడ్నీలు నేవా?"

నవ్వలేకపోయాను. ఆపరేషన్ పేరుతో కిడ్నీలు కొట్టేసే కథలు పలాస బస్టాండులో నేనూ విన్నాను.

ఎముకల మధ్య మెత్తలాంటి పొర చిరిగిందనీ, చిన్న చిల్లుల్లోంచి కెమెరా దూర్చి సరిచేస్తామనీ చెప్పారు. నడుముకు మత్తు ఇచ్చి లోపలికి తీసుకెళ్లారు. కాసేపటికి నర్సు ఆ స్కానింగ్ మిషన్నే థియేటర్లోకి తోసుకుపోతూ కనిపించింది.

"ఆపరేషన్ మధ్యలో ఇదెందుకమ్మా?"

"డాక్టరు గారు అడిగారు," అని తలుపు మూసేసింది. ఆ తలుపు ముందే నిలబడిపోయాను.

బావను వార్డుకు తెచ్చాక అతను అడిగిన మొదటి మాట, "నడుము కాడ కుట్లేటైనా ఉన్నాయేటో సూడు." దుప్పటి తొలగించి రెండు పక్కలా చూశాను. ఏమీ లేవు. తలెత్తితే డాక్టరు గుమ్మంలో ఉన్నాడు. సిగ్గేసింది. ఆయన కోప్పడకుండా మంచం పక్కన కూర్చున్నాడు.

"చిరిగిన చోటు పక్కనే నీటి తిత్తి కట్టింది. అది కీలుకు బయట ఉంటుంది, కెమెరాకు కనపడదు. అది ఎక్కడుందో స్కానింగ్‌లో చూసుకుంటూ సూది పెట్టి నీరు లాగేశాం. చిరుగు సంగతి కెమెరాతో చూశాం."

"ఆపరేషన్ గదిలో ఆ టీవీలో కనపడ్డ మోకాలు నాదేనా బాబూ?" అన్నాడు బావ.

"మీ కాలు ఎత్తినప్పుడు బొమ్మ కదల్లేదా?"

"కదిలింది. సినిమా కేసెట్టయినా కదులుద్ది కదా."

డాక్టరు లేచి పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయాడు.

కొన్ని నెలలకు కాలు పట్టేయడం పోయింది. బావ మళ్లీ వేటకు వెళ్లాడు. అయినా ఒక రోజు నన్ను వెంటబెట్టుకుని టెక్కలి వచ్చి, తనంతట తానే కడుపుకు స్కానింగ్ తీయించుకున్నాడు. రెండు కిడ్నీలూ ఉన్నాయి, బాగున్నాయన్నారు.

తిరిగి బస్సెక్కాం. దారి మధ్యలో బావ నెమ్మదిగా అన్నాడు. "ఈ డాట్రూ ఆ విశాఖపట్నం డాట్రూ ఒకరికొకరు ఎరికున్నోళ్లేమోరా."