ఉప్పు కుండలో చుక్కకూర

కొల్లేటి లంకలో చేప వాసన పడని కోడలు! ఆ మాట చెప్పుకుని ఊరు ఊరంతా నవ్వింది. నవ్వరూ మరి? పందొమ్మిది వందల ముప్పైల్లో సంగతి ఇది. మాది వలలు వేసే ఇల్లు. పుట్టిల్లు గణపవరం పక్కన, అక్కడా చేపలు తినే పెరిగాను. కానీ కడుపుతో ఉండి మూడో నెల వచ్చేసరికి, చేప పేరెత్తితే చాలు, పేగులు నోట్లోకి వచ్చేవి. మింగిన ముద్ద నిలిచేది కాదు. అంతకు ముందేడు ఇలాగే తిండి పడక, నీరసించి, మొదటి కడుపు పోయింది. ఇదీ పోతుందేమోనని లోపల ఒకటే వణుకు.

నాలుక కోరింది ఒక్కటే, చుక్కకూర పప్పు. కానీ అది వరదల కాలం. ఊరున్న దిబ్బ తప్ప చుట్టూ నీళ్ళే, పెరళ్ళన్నీ మునిగాయి. మా ఆయన దోనె వేసుకుని ఆకివీడు వెళ్ళి కూర తెచ్చారు. తెచ్చారు సరే, దేంట్లో? చేపల బుట్టలో! ఆకంతా అదే వాసన! నాకు ఒళ్ళు మండిపోయింది. "మీకు బుద్ధుందా అండీ?" అని అరిచేశాను. పాపం, ఆయన తెల్లమొహం వేశారు.

"ఊరుకోవే అమ్మాయ్, ఆ దోనె ఎక్కిన దేనికైనా చేప వాసన తప్పదు, ఇంటి దగ్గరే మొలిపిద్దాం" అన్నారు మా అత్తగారు. ఆవిడ పుట్టి బుద్ధెరిగి ఒక్క మొక్క నాటిన మనిషి కాదు. అయినా ఇంట్లో అన్నిటికన్నా గట్టివని, చేపలు ఉప్పులో ఊరేసే పాత కుండలు నాలుగు తీశారు. అడుగున చిల్లులు పొడిచి, దిబ్బ మీది మట్టి నింపి, మా అమ్మ ముడి కట్టి పంపిన విత్తనాలు చల్లి అరుగు మీద పెట్టారు.

పది రోజులైనా ఒక్క మొలక లేదు. "దిష్టి తగిలిందే" అని ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేశారు. నాకు మాత్రం ఆ మాట నచ్చలేదు. ఎందుకు అన్న మాట బుర్రలో పడితే తేల్చుకునేదాకా ఊరుకోలేని మనిషిని నేను. విత్తనాలు పుచ్చాయా? దిబ్బ మీది ఆ మట్టే మళ్ళీ తెచ్చి కొబ్బరిచిప్పలో పోసి నాలుగు గింజలు వేశాను. ఆరో రోజుకి నాలుగూ మొలిచాయి! విత్తనం మంచిదే, మట్టీ మంచిదే. మరి దోషం ఎక్కడ?

వెళ్ళి కుండ ముందు చతికిలబడ్డాను. కుండ పైన సున్నంలా తెల్లగా ఏదో పూసి ఉంది. గోటితో గీకాను, తెలియలేదు. వంగి నాలుకతో నాకాను. కటిక ఉప్పు!

సరిగ్గా అప్పుడే అత్తగారు చూశారు. "అయ్యో అయ్యో! కడుపుతో ఉండి మట్టి తింటున్నావేవిటే! ఉమ్మెయ్, ముందు ఉమ్మెయ్!" అంటూ నా నోట్లో వేలు పెట్టబోయారు.

"మట్టి కాదు అత్తయ్యా, ఉప్పండీ! ఇన్నేళ్ళూ తాగిన ఉప్పంతా ఈ కుండలు మట్టిలోకి కక్కుతున్నాయి."

ఆవిడ నమ్మలేదు. తనూ వంగి నాకారు. అత్తాకోడళ్ళు అరుగు మీద కూర్చుని కుండలు నాకుతుంటే చూసినవాళ్ళు ఏమనుకున్నారో! నాకు నవ్వాగలేదు. ఆవిడ మొహం మాత్రం వాడిపోయింది. "నా చేత్తో నేనే చంపేశానటే" అన్నారు.

వరద తీసి కుమ్మరి ఆవం పెడితే గాని కొత్త కుండలు రావు. ఆవిడ లోపలికి వెళ్ళి చేపల కూర వండే వెడల్పాటి చట్టి తెచ్చారు. ఆ చట్టిలో వండిన పులుసుకి మా వీధిలో పేరు. దాన్ని బూడిదతో తోమి, మరిగే నీళ్ళు పోసి కడిగి, బోర్లించి, మేకు పెట్టి ఠపీమని చిల్లు పొడిచారు.

"అదేవిటండీ! రేపు చేపలు దేంట్లో వండుతారు?"

"ఎక్కడి చేపలే? నువ్వు వాంతులు మొదలెట్టినప్పట్నించీ ఈ ఇంట్లో వండిందెవరు? మీ ఆయన దోనె మీదే కాల్చుకు తింటున్నాడు."

ఇంట్లో వాసన రాకపోతే నా ముక్కే కుదుటపడిందనుకున్నాను. కుండ ఎందుకు మొలవలేదని అంత ఆరా తీసినదాన్ని, ఎదురుగా కూర్చుని ఆవిడ నెలన్నరగా పచ్చిమిరపకాయ నంజుకుని తింటుంటే ఎందుకని ఒక్కసారీ అడగలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

మిగిలిన చిటికెడు విత్తనాలూ ఆ చట్టిలో చల్లాం. ఈసారి మొలిచాయి. బాతులు పొడవకుండా ఆవిడ చట్టి పక్కనే కూర్చుని వల అల్లేవారు. నెల తిరిగేసరికి నాలుగు ముద్దలకి సరిపడా ఆకు వచ్చింది. నేను చెబుతుంటే ఆవిడ పప్పు వండి, నా ముందు కూర్చుని, నేను ముద్ద మింగుతుంటే నా గొంతు వంకే చూశారు.

"ఉందా?"

"ఉందండీ."

కాసేపాగి మళ్ళీ, "ఇంకా ఉందా?"

ఉంది. దీపాలు పెట్టే వేళకి కూడా ఉంది. ఆ కడుపూ నిలిచింది, ఫాల్గుణంలో పిల్ల పుట్టింది. కానీ నేను తలుచుకున్నప్పుడల్లా ఏడ్చేది ఆ సాయంత్రానికి. ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని, నా వంక చూడకుండా, మెల్లగా అడిగారు.

"అయితే అమ్మాయ్, రేపు నేనో చేపముక్క వండుకోవచ్చంటావా? ఏదో మూకుట్లోనే, అరుగు చివర కూర్చుని వండుకుంటాలే."