మగ్దలీనమ్మ దిగిన మెట్లు

అమీర్‌పేటలో ఏ గోడ చూసినా జావా కోచింగ్ బోర్డులే వేలాడుతున్న రోజులవి. అలాంటి ఒక కోచింగ్ సెంటర్ రిసెప్షన్లో కూర్చునేది మగ్దలీనమ్మ. చిన్నప్పుడు పోలియో వచ్చి రెండు కాళ్ళూ సన్నబడిపోయాయి. కాళ్ళకి ఇనప కాలిపర్లు బిగించుకుని, చంకకర్రల మీద నడిచేది. నలభై దాటాక భుజాలు మొరాయించాయి. నీళ్ళలో వ్యాయామం చెయ్యకపోతే ఇక మంచానికే అంకితమని డాక్టరు తేల్చేశాడు.

పంజాగుట్ట వైపున్న సర్కారు ఈతకొలనుకి ఆడవాళ్ళ వేళలో వెళ్ళింది. గేటు దగ్గర ర్యాంపు కట్టారు, పాపం. అది నీళ్ళ అంచుదాకా తీసుకెళ్ళి అక్కడ చేతులెత్తేసింది. నీళ్ళలోకి దిగాలంటే నిలువు నిచ్చెన ఒక్కటే దారి.

"ఫికర్ ఎందుకక్కా, ఎత్తి దించుతం గద," అంది అక్కడ పనిచేసే చంద్రమ్మ. మంచి మనిషే. వాచ్‌మన్‌నీ తోటమాలినీ కేకేసింది. వాళ్ళు బియ్యం బస్తాలా ఎత్తి దించారు. ఆడవాళ్ళంతా ఈత మానేసి చూశారు. ఈ ఊళ్ళో సాయమంటే ఎత్తడమే. ఎత్తించుకునేవాళ్ళకి సిగ్గుంటుందని ఎవరికీ తట్టదు. ఆ పూట మగ్దలీనమ్మకి ఏడుపొచ్చింది. ఇల్లు చేరేసరికి ఆ ఏడుపు పంతమైంది.

నీళ్ళలోకి మెట్లు కట్టించమని మర్నాటి నుంచి ఆ కొలను చూసే ఇంజినీరు కామరాజుగారి గది చుట్టూ తిరగడం మొదలుపెట్టింది.

"నీళ్ళలో మెట్లు కడితే జారిపడతారమ్మా. అయినా మీ ఒక్కరికోసం కొలను పగలగొట్టమంటారా? ఇంకెవరొస్తారు?" అన్నారాయన.

"ఆదివారం మా చర్చికి రండి సార్, చూపిస్తాను."

పోరు పడలేక వచ్చారు. ఆ రోజు బాప్తిస్మాలు. తొట్టిలోకి వెడల్పాటి గరుకు మెట్లు, పక్కన కడ్డీ. బోరబండ నుంచి వచ్చిన ముసలి సత్తెమ్మ కడ్డీ పట్టుకుని నడుంలోతుకి దిగి, మునిగి, తనంతట తనే పైకొచ్చింది. కామరాజుగారు చెప్పులు విప్పి, పై మెట్టుని పాదంతో రుద్ది చూశారు. "జారట్లేదే," అన్నారు.

అయినా మంజూరుకి రెండు వేసవులు పట్టింది. ఆ రెండేళ్ళూ మగ్దలీనమ్మ ఆయన్ని కుదురుగా కూర్చోనివ్వలేదు.

మెట్లు తయారయ్యాక ఆడవాళ్ళ వేళకి వెళ్ళింది. కాలిపర్లు విప్పి పక్కన పెట్టింది. కడ్డీ పట్టుకుని, కూర్చునే ఒక్కో మెట్టూ దిగింది. అలవాటు కొద్దీ చంద్రమ్మ చేతులు ముందుకొచ్చాయి.

"వద్దు చంద్రమ్మా. చేతులు వెనక్కి పెట్టుకో."

ఛాతీలోతుకి వచ్చేసరికి నీళ్ళు ఆమెని మోశాయి. ఇనుము లేకుండా కాళ్ళు నేలకి ఆనాయి. అక్కడే నిలబడిపోయింది.

వెనక ఎవరో పిలిచారు. తిరిగి చూస్తే మెట్ల మీద మోకాళ్ళు పట్టుకున్న పెద్దావిడ, ఆమె వెనక నిండు చూలాలు.

"జర జరుగు బిడ్డా, మేం సుత దిగాలె."

ఇన్నేళ్ళలో ఆమెని పక్కకి జరిపినవాళ్ళే గానీ, జరగమని అడిగినవాళ్ళు లేరు. మగ్దలీనమ్మ కడ్డీ వదిలి, తనే జరిగింది.