తాళం వేసిన థ్రెడ్‌లో వచ్చిన మాట

దయ్యాల కథలు చెప్పేవాళ్ళని మధ్యలోనే ఆపేసే రకం నేను. చిన్నప్పుడు మా పెద్దమ్మ అహోబిలం అడవి గురించి ఏదో మొదలుపెడితే లేచి వెళ్ళిపోయేదాన్ని. ఇప్పుడు నంద్యాలలో ఒక జూనియర్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్తున్నాను. ఏది జరిగినా వెనక ఒక కారణం ఉంటుంది, ఓపిగ్గా వెతికితే దొరుకుతుంది అని పిల్లలకు చెప్పే మనిషిని. ఈ ఒక్కదానికి మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.

మా ప్రాంతం రైతుల కోసం ఇంటర్నెట్లో ఒక ఫోరం ఉంది. శనగకు పురుగు పడితే, వరి ఆకు ఎర్రబడితే ఫోటో పెట్టి అడుగుతారు. తెలిసినవాళ్ళు కింద జవాబు రాస్తారు. ఒక ప్రశ్న, దాని కింది జవాబులు కలిపి ఒక థ్రెడ్. వీటిని కనిపెట్టుకుని ఉండే మోడరేటర్లం ఇద్దరం. ఒకదాన్ని నేను. రెండోవాడు ఆళ్లగడ్డలో సెల్‌ఫోన్లు రిపేరు చేసే మస్తాన్. వ్యవసాయం వదిలి వేరే మాటల్లోకి పోతే హెచ్చరించాలి. బూతులుంటే తీసెయ్యాలి. అప్పటికీ ఆగకపోతే థ్రెడ్ లాక్ చెయ్యాలి. లాక్ చేశాక ఉన్నది చదవొచ్చు గానీ కొత్తగా ఎవరూ ఏమీ రాయలేరు.

ఈ పనిలో చూసినంత రోత నేను ఇంకెక్కడా చూడలేదు. ఎరువుల గురించి మొదలైన మాట నాలుగు జవాబులు దాటేసరికి కులం మీదికి పోతుంది. టమాటా నారు గురించి అడిగిన ఒకామె ఫోటో కింద రాసిన రాతలు తీసేశాక లేచి వెళ్ళి చేతులు కడుక్కున్నాను. నిజంగానే, సబ్బు పెట్టి.

మొన్న ఎండలు ముదురుతున్న రోజుల్లో ఆళ్లగడ్డ దగ్గరి పల్లె నుంచి లక్ష్మీదేవి అనే ఆమె ఒక పోస్ట్ పెట్టింది. వాళ్ళ నాయన ఓబులేసుకు మతిమరుపు. ఆళ్లగడ్డ బస్టాండులో ఆమె నీళ్ళ బాటిల్ కొని వెనక్కి తిరిగేసరికి ఆయన లేడు. పోలీసులకు చెప్పారు, బంధువులు వెతుకుతున్నారు. "పొలాల్లో తిరిగేటోళ్ళు మీరే గదన్నా, యాడన్నా కనిపిస్తే చెప్పండి" అని రాసింది. కింద పెట్టిన ఫోటోలో పెద్దాయన తెల్ల పంచె కట్టుకుని ఎటో పక్కకి చూస్తున్నాడు.

దానికి వచ్చిన మొదటి జవాబు ఇది: "ఇది వ్యవసాయ ఫోరం. ఆఫ్ టాపిక్. లాక్ చేయండి."

మస్తాన్ ఫోన్ చేశాడు. "రూల్ ప్రకారం మూసేయాలంటాండారు అక్కా. ఏం చేద్దాం?"

"మూసేది లేదు. పొలాల్లో ఉండేవాళ్ళు చూడకపోతే ఇంకెవరు చూస్తారు?" అన్నాను.

"నేనూ అదే అనుకుంటాండా. ఉండనీ."

ఉంచాం. మంచివాళ్ళు లేకపోలేదు. ఒకాయన తన పొలం చుట్టుపక్కలంతా తిరిగి చూశానని రాశాడు. కానీ మిగతావాళ్ళు దిగారు. ఆస్తి రాయించుకున్నాక ముసలోళ్ళు ఇట్లాగే తప్పిపోతారని ఒకడు. వాళ్ళ కులంలో ఇది మామూలేనని ఇంకొకడు. ఆయన ఏ పార్టీకి ఓటేశాడో చెబితే వెతుకుతామని మరొకడు, పక్కన నవ్వే బొమ్మలు. నేను తీసేస్తుంటే వేరే పేర్లతో మళ్ళీ వచ్చేవారు.

ఒకడైతే నందికొట్కూరు మార్కెట్లో చూశానని రాశాడు. లక్ష్మీదేవి తమ్ముడు నమ్మి బస్సెక్కి పోయాడు. ఎండలో మార్కెట్ అంతా తిరిగి, ఆ మనిషిని ఫోరంలోనే అడిగితే, "ఊరికే అన్నాలే" అని జవాబు. దాని కింద, తన ఫోటోకు బదులు పచ్చిమిరపకాయ బొమ్మ పెట్టుకున్న ఇంకొకడు, "ఈపాటికి నక్కలు తినుంటాయిలే" అని రాశాడు. ఆ పూట అన్నం ముందు కూర్చుని తినకుండానే లేచాను.

మర్నాడు లక్ష్మీదేవి మస్తాన్ షాపుకు వచ్చి, అతని ఫోన్ నుంచే నాతో మాట్లాడింది. ఏడవడం కూడా అయిపోయిన గొంతు.

"దాన్ని మూసేయండి మేడమ్. మా నాయన దొరికితే దొరికినాడు, లేకుంటే లేదు. ఇవన్నీ చదివేది నాతో కాదు."

మధ్యాహ్నం స్టాఫ్ రూములో కూర్చుని ఆ థ్రెడ్ లాక్ చేశాను. చివర్లో మోడరేటర్ మాటగా "ఈ చర్చ ఇంతటితో ముగిసింది. దయచేసి ఇక ఎవరూ మాట్లాడకండి" అని టైపు చేశాను. పైకి చదవలేదు. పక్కన ఇద్దరు లెక్చరర్లు పేపర్లు దిద్దుకుంటున్నారు. తాళం గుర్తు పడింది. బెల్లు కొడితే క్లాసుకు వెళ్ళాను.

తిరిగి వచ్చి చూస్తే నా మాట కింద ఒక జవాబు ఉంది. పేరు ఉండాల్సిన చోట ఖాళీ.

"మాట్లాడతాండా. కాలవ గట్టున పాత మోటరు కొట్టంలో ఉండా. తలుపు లాగినా రాలేదు. దప్పికైతాంది."

భయం వేయలేదు. అసహ్యం వేసింది. తాళాన్ని కూడా పగలగొట్టి ఆడుకుంటున్నారు, వీళ్ళు మనుషులేనా అనిపించింది. తీసేద్దామని చెయ్యి పెట్టి ఎందుకో ఆగి, మస్తాన్‌కు ఫోన్ చేశాను. అతనికీ అదే కనిపిస్తోంది.

"లాక్ తీసినావా అక్కా?"

"లేదు. నువ్వు?"

"నేనెందుకు తీస్తా?" తర్వాత అతనే అన్నాడు, "లక్ష్మీదేవక్కకు చెప్పొద్దులే. అబద్ధమైతే తట్టుకోలేదు. నేను పోయి చూసొస్తా."

షాపు మూసి బండి మీద కాలవ వెంబడి పోయాడు. కనిపించిన రైతునల్లా మోటరు కొట్టాల గురించి అడిగాడు. ఎవరూ వాడని ఒక కొట్టం కంపచెట్ల వెనక ఉందని ఒకాయన చూపించాడు. రేకు తలుపు కింద మట్టిలో కూరుకుపోయి ఉంది. ఓబులేసు లోపలికి పోయేటప్పుడు ఎట్లాగో తోసుకుని పోయినట్టున్నాడు, వెనక్కి లాగడం ఆ పెద్దాయన చేతకాలేదు. మస్తాన్, దారి చూపిన రైతు కలిసి తలుపు పెకలించారు.

అక్కడి నుంచే మస్తాన్ ఫోన్ చేశాడు. "ఉండాడక్కా. పెదాలు పగిలిపోయినాయి. బతికే ఉండాడు."

ఆయన్ని నంద్యాల ఆస్పత్రిలో చేర్చారు. కోలుకున్నాడని తెలిసి చూడటానికి పోయాను. మంచం పక్కన లక్ష్మీదేవి ఉంది. అంతకుముందు నన్ను ఆమె గానీ ఆయన గానీ చూసింది లేదు.

"ఎట్లున్నావు పెద్దాయనా?" అన్నాను, అంతే.

ఆయన తల తిప్పి చాలాసేపు చూశాడు. "ఎవరూ మాట్లాడొద్దని చెప్పింది నువ్వే గదా?" అన్నాడు.

లక్ష్మీదేవి బిత్తరపోయి నన్ను చూసింది.

"మాట్లాడకుంటే ఎట్లమ్మా? నీ గొంతు యాడ్నుంచో ఇనపడె. మనిషి ఉండాదిలే అని గట్టిగా అరిచినా" అన్నాడు.

ఆయనకు చదువు రాదు. ఫోన్ ఎప్పుడూ ముట్టుకున్నవాడు కాదని లక్ష్మీదేవి చెప్పింది. కొట్టంలో ఆయన దగ్గర తువ్వాలు తప్ప ఏమీ లేదు.

ఫోరం పెట్టిన అతను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ప్రతి పోస్టుకూ ఎక్కడి నుంచి వచ్చిందో ఆనవాలు ఉంటుంది. అతను వెతికి చూస్తే ఆ పేరు లేని జవాబుకు లేదు. మొదట నన్నే అనుమానించాడు. అతని చోట ఉంటే నేనూ అదే చేసేదాన్ని.

ఇక మా సభ్యుల సంగతి. పెద్దాయన దొరికాడని సంతోషించినవాళ్ళు కొందరే. "లాక్ చేశాక పోస్ట్ ఎట్లా వచ్చింది? మోడరేటర్లకో రూలు, మాకో రూలా?" అని కొత్త థ్రెడ్ తెరిచారు. కూతురే దాచిపెట్టి నాటకం ఆడిందని అందులో తేల్చారు. నందికొట్కూరు అబద్ధం చెప్పినవాడు, తన పోస్టు వల్లే జనం వెతకడం మొదలుపెట్టారని రాసుకున్నాడు. విషయం పాకిపోయాక, తప్పిపోయిన మేక గురించి ఒకడు, పోయిన ఉంగరం గురించి ఒకడు థ్రెడ్లు తెరిచి "మాదీ లాక్ చేయండి మేడమ్" అని వెంటపడ్డారు. నక్కల మాట రాసిన మిరపకాయ బొమ్మవాడు కూడా వాళ్ళలో ఉన్నాడు. అన్నీ తీసేశాను. మోడరేటర్ పని మానేద్దామనుకున్నాను.

మానలేదు. పనికని ఊరు దాటిపోయిన భర్త మళ్ళీ రాలేదని బెలుం దగ్గరి నుంచి ఒకామె రాసింది. ఎవరినీ ఏమీ అనలేదు, భర్త పేరూ ఊరి పేరూ రాసి, లాక్ చేయమని అడిగింది. ఇలాంటివి నేను నమ్మను. అయినా చేశాను.

ఓబులేసు మాట ఎట్లా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఈమె థ్రెడ్‌లో ఏదీ ఎందుకు రాలేదో కూడా తెలియదు. క్లాసుకు పోయేముందు రోజూ తెరిచి చూస్తాను. అప్పుడప్పుడూ ఆమె ఫోన్ చేసి, "ఏమన్నా వచ్చిందా మేడమ్?" అని అడుగుతుంది.

"ఇంకా లేదమ్మా" అంటాను.